కంపైల్ కాని ముహూర్తం

మా మామ ఆదెప్ప మంగళవారం పూట గోళ్లు కూడా కత్తిరించుకోడు. అలాంటి మనిషి పోయిన డిసెంబరులో ఒక మంగళవారం, అదీ చంద్రుడు తరిగే పక్షంలో, ప్లాస్టిక్ కప్పు వేసిన మా పాలీహౌసులో ఉన్న రోజా చెట్లన్నిటికీ దగ్గరుండి కత్తి పెట్టించాడు. హోసూరు దగ్గర మా ఉద్దనపల్లిలో దీని గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. కంప్యూటరు చెప్పిందట, అందుకని చేశాడట. ఆ కంప్యూటరు అసలు ఏం చెప్పిందో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. నేను నోరు మెదపలేదు.

రోజాల సంగతి తెలియని వాళ్ల కోసం ఒక మాట. ఫిబ్రవరి పద్నాలుగుకు పువ్వు అమ్ముడుపోవాలంటే డిసెంబరులో కొమ్మలు కత్తిరించాలి. తొందరపడి కత్తిరిస్తే పువ్వు ముందే విచ్చుకుని కోల్డ్ రూములో వాడిపోతుంది. ఆలస్యం చేస్తే ప్రేమికులందరూ ఇళ్లకు పోయాక మొగ్గ తొడుగుతుంది. పదిహేనో తేదీన పూసిన ఎర్ర రోజాను ఈ లోకంలో ఎవరూ ప్రేమించరు.

అంతకుముందు ఏడు మా మామ తన పద్ధతిలో రోజు చూసి కత్తి పెట్టించాడు. మంచి వారం, మంచి తిథి, వళర్పిరై, అంటే చంద్రుడు పెరిగే పక్షం. అన్నీ బ్రహ్మాండంగా కుదిరాయి, పువ్వు తప్ప. ఆలస్యంగా వచ్చిన ఆ పువ్వులను రేకులుగా తుంచి హోసూరులో దండలు కట్టేవాళ్లకు గోతాల్లో పోసి వచ్చాం. ఆ రోజు నాకు ఏడుపు వచ్చింది. నా భర్త తిలక్‌కు మాత్రం ఆలోచన వచ్చింది. టేపు తీసుకుని పాలీహౌసు పొడుగూ వెడల్పూ కొలవడం మొదలుపెట్టాడు. హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి కాబట్టి, ఆ ప్లాస్టిక్ పీకేసి రేకుల గోడౌను వేసి కంపెనీలకు బాడుగకిస్తే హాయిగా ఉంటుందని ఆయన లెక్క. గోడౌనుకు తెగులు పట్టదు, నీళ్లు పెట్టక్కర్లేదు, దానికి ప్రేమికులతో పని లేదు.

నాకు ఆ పాలీహౌసే ప్రాణం. మాది మత్తూరు, కృష్ణగిరిలో కంప్యూటర్ సైన్సు చదివాను. పెళ్లయి వచ్చాక ఈ ఇంట్లో నాదంటూ దొరికిన పని అదొక్కటే. పొద్దున్నే లోపలికి పోతే తడి మట్టి వాసనకు తలనొప్పి కూడా పోతుంది. అందుకే తిలక్ టేపు చూసి నేను నేరుగా మామ దగ్గరికే పోయాను.

మామ చాలాసేపు గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు. "ఈ ఒక్క ఏడు చూస్తామమ్మా. పువ్వు టైముకు పెట్టెలో పడితే పాలీహౌసు నీది, నేనూ అడగను, వాడూ అడగడు. పడకపోతే వాణ్ని గోడౌను కట్టుకోనీ."

మా పక్క తోటలో ఈశ్వరప్రసాద్ సారు ఉంటాడు. బెంగళూరులో ఏదో పెద్ద ల్యాబులో పనిచేసి రిటైరై, గాలి బాగుంటుందని ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. రోజూ పొద్దున కాఫీ మా అరుగు మీదే, మామ పక్కనే. నా గోడు విని ఆయన ఒక మాట అన్నాడు. "ఆశా, మొగ్గ రోజులు లెక్కపెట్టదు. వేడి లెక్కపెడుతుంది. ప్రతిరోజూ ఎంత వేడి పడిందో కూడుతూ పోతే, పువ్వు ఎప్పుడు వస్తుందో చెప్పొచ్చు. వెనక్కి లెక్కేస్తే కత్తి ఎప్పుడు పెట్టాలో చెప్పొచ్చు. ఫోర్ట్రాన్‌లో చిన్న ప్రోగ్రాము."

ఫోర్ట్రాన్ తప్ప మిగతా కంప్యూటర్ భాషలన్నీ ఆయన దృష్టిలో ఫ్యాషన్లు. ఆ ప్రోగ్రామును ఆయన తెల్లకాగితం మీద పెద్దబడి అక్షరాలతో పెన్సిలుతో రాశాడు. కీబోర్డు ముట్టుకోలేదు. ల్యాబులోనూ ఎప్పుడూ ముట్టుకోలేదట. కాగితం మీద రాసి ఒక కిటికీలో పెడితే, మరునాడు జవాబు కట్టగా చేతికి వచ్చేదట. కిటికీ వెనక ఏం జరిగేదో ఆయన అడగలేదు. అది వేరే గ్రేడు వాళ్ల పని.

కాబట్టి ఆ వేరే గ్రేడు నేనయ్యాను. ఆయన రాసింది టైపు చేసి, పువ్వు కావలసిన తేదీని వేరే ఫైల్లో పెట్టి, నల్ల తెర తెరిచి, రెండు లైన్లు కొట్టాను.

gfortran roja.f90 -o roja

./roja

మొదటి లైను కంపైల్ చేయడం. మనం రాసిన ఫోర్ట్రాన్ యంత్రానికి నేరుగా అర్థం కాదు. ఈ లైను దాన్ని యంత్రం భాషలోకి మార్చి రోజా అనే పేరుతో పక్కన పెడుతుంది. రెండో లైను ఆ రోజాను నడుపుతుంది. ప్రోగ్రాములో ఎన్ని మార్పులు రాసుకున్నా, మళ్లీ మొదటి లైను కొట్టకపోతే పాత రోజానే నడుస్తుంది, పాత జవాబే చెబుతుంది. ఈ సంగతి మరిచిపోయి తల బాదుకోని కంప్యూటరు స్టూడెంటు మా కృష్ణగిరి జిల్లాలో ఉండడు.

మామ నా వెనక నిలబడి చూసేవాడు. ల్యాప్‌టాపుకు అప్పటికే కుంకుమ పెట్టేశాడు. మొదటి లైను కొడితే తెర మీద ఏమీ రాదు, రెండో లైను కొడితే జవాబు వస్తుంది. దీన్నిబట్టి మొదటిది నమస్కారమని ఆయన తేల్చుకున్నాడు. "ముందు దణ్ణం పెట్టుకోని, ఆమీద అడగతా ఉండావు. అట్లనే చేయల్లమ్మా," అని మెచ్చుకున్నాడు కూడా. నేను నవ్వి ఊరుకున్నాను.

జవాబు వచ్చింది. డిసెంబరులో ఒక మంగళవారం.

"మంగళవారమా!" అన్నాడు మామ. గోడ క్యాలెండరు దగ్గరికి పోయి చూసి మళ్లీ అరిచాడు. "అదీ తేయ్పిరైలో! చంద్రుడు తరిగేటప్పుడు చెట్టుకు కత్తి పెడతారా ఎవురన్నా? ప్రసాదప్పా, నీ మిషన్‌కు పంచాంగం చెప్పు."

"చెట్టుకు వారం తెలియదప్పా," అన్నాడు సారు.

"చెట్టుకు తెలీకుంటే పోనీ. నాకు తెలుసు కదా!"

"రుజువు లేనిది నా ప్రోగ్రాములో ఒక్క అక్షరం రాయను. సర్వీసంతా రాయలేదు, ఇప్పుడు రాస్తానా?"

"నా చెట్టుకు నేను చెప్పిన పొద్దే కత్తి."

సారు గ్లాసులో కాఫీ సగం వదిలేసి పోయాడు. మరునాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. మా అత్త చెన్నమ్మ మాత్రం అలవాటు కొద్దీ రెండు గ్లాసులు తెచ్చి అరుగు మీద పెట్టేది. మామ రెండూ తనే తాగి, కడుపులో మంటని నా మీద విసుక్కునేవాడు. మంగళవారం దగ్గరపడుతోంది, ఇద్దరు ముసలివాళ్లూ మొండికేశారు, నా పాలీహౌసు మధ్యలో వేలాడుతోంది. ఇద్దర్నీ చెరో చెంపా వాయించాలన్నంత కోపం వచ్చింది నాకు.

సరిగ్గా అప్పుడే మా చెల్లెలు భూమికకు పెళ్లిచూపులు. మత్తూరు పోక తప్పలేదు. పెళ్లికొడుకు వాళ్లకు స్వీట్లు కొనడానికి కృష్ణగిరిలో దిగి అంగట్లో నిలబడి ఉంటే మామ ఫోను చేశాడు. గొంతులో పండగ.

"అమ్మా, నువ్వేం బాధ పడొద్దు. ప్రసాదప్ప వచ్చినాడు. ఆయన మాట ఆయన రాసినాడు, నా మాట నేను రాపిచ్చినాను. అంతా మేమే నడిపించేసినాము!"

మైసూర్ పాకు పొట్లం అంగట్లోనే వదిలేసి బయటికి వచ్చాను. "జవాబేమొచ్చింది మామా?"

"అదే మంగళవారం! చూసినావా? పంచాంగమంతా చెప్పినంక కూడా అదే చెప్తా ఉండాది. అంటే ఆ పొద్దులో ఏమో గొప్పతనముండాది. మనకు తెలీదు, దానికి తెలుసు."

ఇంటికి వచ్చాక అత్త జరిగిందంతా చెప్పింది. సారే ముందు వచ్చాడట, ఇంట్లో కాఫీ బాగా కుదరడం లేదని. ఇద్దరూ రాజీకి వచ్చారు. నా ల్యాప్‌టాపు తెరిచి, సారు కాగితం మీద రాసి చెబుతుంటే మామ ఒక్క వేలితో టైపు చేశాడు. మామ షరతు ఏమిటంటే, మంగళవారమైతే వద్దు, తేయ్పిరై అయితే వద్దు, మరుసటి రోజు చూడు. కొత్త సంవత్సరం క్యాలెండరు కూడా అప్పటికే వచ్చింది కాబట్టి అమావాస్యలూ పున్నములూ అన్నీ ఎక్కించారు. సారు షరతు ఏమిటంటే, లెక్కలో వచ్చిన రోజు ఏ వారంలో ఉందో ఆ ఏడు రోజులూ దాటకూడదు, దాటితే మళ్లీ వారం మొదటికి పోయి వెతుకు. ఎవరి షరతు వాళ్లు పెట్టుకుని, అవతలివాడు ఓడిపోతాడని లోపల అనుకుంటూ కరచాలనం చేసుకున్నారు.

"నడిపించింది ఎట్ల మామా?" అని అడిగాను.

"పై బాణం నొక్కితే నువ్వు ముందు అడిగిందే వస్తుంది కదా, చూసినాను. నొక్కినాను, ఎంటరు కొట్టినాను."

"మరి మొదటి లైను?"

"దణ్ణమా? నువ్వు పెట్టి పోయినావు కదమ్మా. సారు కూడా చెప్పినాడు, అది గుమాస్తా పనంట, ఒకసారి అయినంక మళ్లీ ఏల అని."

కిటికీ ఇవతలే సర్వీసంతా గడిపిన మనిషి ఇంకేం చెబుతాడు? ఇద్దరూ కలిసి ఒక పూటంతా కూర్చుని రాసింది కంపైల్ కాకుండా ఉత్త కాగితం లాగా పడి ఉంది, పాత రోజా పాత పాటే పాడింది. సారు మాత్రం తన షరతు ఆదెప్ప షరతును గెలిచిందనుకుని మీసాల్లో నవ్వుకుంటున్నాడు.

వాళ్లు రాసింది నిజంగా కంపైల్ చేస్తే ఏమవుతుందో చూడాలనిపించింది. పాత రోజాను కదపకుండా, వేరే పేరు పెట్టి చేశాను. సారు గొప్పవాడే, ఒక్క తప్పు కూడా రాలేదు. నడిపాను. జవాబు రాలేదు. కర్సరు కళ్లార్పుతూ కూర్చుంది, ల్యాప్‌టాపు ఫ్యాను గుర్రుమంటోంది. కాసేపటికి నాకు వెలిగింది. సారు చెప్పిన వారమంతా తేయ్పిరైలోనే ఉంది. మామ షరతు ప్రతి రోజునూ వద్దంటుంది, వారం చివరికి రాగానే సారు షరతు మెడ పట్టుకుని మళ్లీ మొదటికి తోస్తుంది. అది అలా తిరుగుతూనే ఉంటుంది, ఎప్పటికీ. కంట్రోల్ సీ కొట్టి ఆపేశాను. నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

నవ్వు తగ్గాక భయం పట్టుకుంది. నిజం చెబితే మామ మంగళవారం కత్తి పెట్టనివ్వడు. వళర్పిరై దాకా ఆగుతాడు. పువ్వు మళ్లీ పదిహేనో తేదీ తర్వాతే వస్తుంది, ఆ వెనకే తిలక్ టేపు వస్తుంది. నాకు కావలసిన రోజు నాకు వచ్చింది, కాకపోతే తప్పుడు దారిలో వచ్చింది. దారి గురించి రోజాలేమీ అడగవు కదా అని ఊరుకున్నాను.

ఆ మంగళవారం పొద్దున కూలీల మేస్త్రీ ఏళుమలై కట్టరు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. మా అత్త అయితే మామనే అడిగేసింది. "ఏమప్పా, మంగళవారం పూట కత్తి పెడతావా?"

"నువ్వు చూసింది గోడ క్యాలెండరు," అన్నాడు మామ. "అది చూసింది లోపలి క్యాలెండరు. పో, కాఫీ తీసుకురా."

తర్వాత ఏం చెప్పను? జనవరి ఆఖరుకు పాలీహౌసంతా మొగ్గలు బిగుసుకుని నిలబడ్డాయి. పొడుగు కాడలు, ఒక్క వంకర లేదు. పెట్టెలకెత్తి బెంగళూరు ఎయిర్‌పోర్టుకు లారీ ఎక్కించిన రోజు నేను పాలీహౌసు వెనక్కి పోయి ఒంటరిగా కాసేపు ఏడ్చాను. ఈసారి సంతోషంతో. తిలక్ టేపును పెట్టెలో పెట్టి తాళం వేసుకుని, "బాగా చేసినావే" అన్నాడు. పాలీహౌసు నాదైంది అనుకున్నాను.

ఆ సాయంత్రం మామ ఇరుగుపొరుగు రైతుల్ని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాడు. అందరికీ కాఫీలు, మైసూర్ పాకు. ప్రోగ్రాము గొప్పతనం ఆయన చెప్పాడు, సారు చెప్పాడు, మళ్లీ ఆయనే చెప్పాడు. ఒకాయన బోరు వేయడానికి రోజు చెబుతుందా అని అడిగాడు. ఇంకొకాయన కూతురి పెళ్లికి అడగొచ్చా అన్నాడు. చివరకు మామ నా వైపు తిరిగాడు.

"పాలీహౌసు నీదన్నాను. మాట తప్పేది లేదు. నీదే. అయితే ఇంక నీకేల తల్లీ ఈ కష్టం? ఎండలో తిరిగి ఎట్లయిపోయినావు చూడు. నేనూ ప్రసాదప్పా చూసుకుంటాము. నువ్వు లేనప్పుడే కదా మిషను సరిగ్గా చెప్పింది!"

అందరూ తలలూపారు. సారు కూడా ఊపాడు. నా చేతిలో ట్రే ఉంది కాబట్టి సరిపోయింది. పాలీహౌసు నాదే, అందులో నాకు పని లేదు. నోరు మూసుకున్నందుకు నాకు ముట్టిన బహుమానం అది. ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు పడిన చప్పుడుకు మా అత్త లేచి వచ్చి, నాతో పాటు గిన్నెలు తోమింది.

మార్చి వచ్చింది. మే నెలలో అమ్మల దినానికి పువ్వు కావాలి, దానికి మళ్లీ కత్తి పెట్టాలి. ఇద్దరు పెద్దమనుషులూ స్నానాలు చేసి, ల్యాప్‌టాపుకు కుంకుమ పెట్టి, నా కుర్చీలో ఒకరు, పక్క కుర్చీలో ఒకరు కూర్చున్నారు. నేను క్యాలెండరు ముందే చూసుకున్నాను. పాత రోజాకు నకలు తీసి నా దగ్గర దాచుకున్నాను. ఫైల్లో మే తేదీ పెట్టి దాన్ని ముందే నడిపి చూశాను కాబట్టి, అది చెప్పే రోజు ఏ వారంలో పడిందో తెలుసు. ఆ వారం కూడా తేయ్పిరైలోనే ఉంది.

"మామా," అన్నాను వినయంగా, "మీరే నడపండి. ఒక్క దణ్ణం మాత్రం నేను పెట్టి పోతాను."

"పెట్టమ్మా, పెట్టు. మంచిదే కదా."

వంగి మొదటి లైను కొట్టాను. వాళ్లు రాసింది రాసినట్టు, ఒక్క అక్షరం మార్చకుండా, కంపైల్ అయింది. మామ రెండో లైను తెచ్చుకుని ఎంటరు కొట్టాడు.

కర్సరు కళ్లార్పింది. ఫ్యాను గుర్రుమంది. మామ చేతులు కట్టుకుని చూశాడు. అత్త కాఫీ తెచ్చింది. కాఫీ అయిపోయింది. కర్సరు ఇంకా కళ్లార్పుతూనే ఉంది.

సారు మెల్లగా ముందుకు వంగాడు. తెర మీద నేను కొట్టిన లైనును చాలాసేపు చూశాడు. "ఆశా, ఈ మొదటి లైను ఏం చేస్తుంది?"

"మీరు రాసింది యంత్రానికి అర్థమయ్యేట్టు చేస్తుంది సార్."

"డిసెంబరులో?"

"డిసెంబరులో ఆ లైను కొట్టలేదు కదా సార్. గుమాస్తా పనని."

ఆయన ముఖం చూసి నాకు జాలి వేసింది, నిజం. పెదాలు కదిపి లోపల ఏదో లెక్క వేసుకున్నాడు. వారం మొదలు, వారం చివర, మళ్లీ మొదలు. చెవులు ఎర్రబడ్డాయి. ఆయన చెప్పేస్తాడేమోనని నేను మామ ఖాళీ గ్లాసు తీసుకుని కొంగుతో తుడవడం మొదలుపెట్టాను.

"ఏమైందప్పా?" అన్నాడు మామ.

సారు ఖాళీ గ్లాసు ఎత్తి తాగినట్టు చేసి కింద పెట్టాడు. "పెద్ద లెక్కప్పా ఇది. టైము పడుతుంది."

"ఎంత పడుతుంది?"

"చెప్పలేం."

మామకు కోపం రాలేదు. పైగా గౌరవం పెరిగింది. మంచిరోజు అంత సులభంగా దొరికితే దానికి విలువేముంది అన్నట్టు తల పంకించి, పూజగదిలో అరమీదికి ల్యాప్‌టాపు మార్పించాడు, యూపీఎస్ తగిలించాడు, ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. వారం రోజులు పొద్దునా సాయంత్రం పోయి చూసి వచ్చాడు. సారు కాఫీకి వస్తూనే ఉన్నాడు. నా వైపు చూడకుండా తాగి పోతున్నాడు.

ఆ వారం చివరన ఏళుమలై కట్టర్లు పట్టుకుని అరుగు ముందుకు వచ్చాడు. "సామీ, ఎప్పుడు కోయాలో చెప్పండి. మొక్కలు ఆగవు."

మామ పూజగది వైపు చూశాడు. సారు వైపు చూశాడు. సారు నేల వైపు చూశాడు. చివరికి మామ నన్ను పిలిచాడు.

"అది ఎతకతా ఉండాది కదమ్మా. మనం తొందర పెట్టకూడదు. అది చెప్పే దాకా ఈడ పనులన్నీ నువ్వే చూసుకో. ఏ పొద్దు కోయల్లో, ఎంత కోయల్లో, అంతా నీ ఇష్టం. అది చెప్పినంక మేము చూసుకుంటాము."

"సరే మామా," అన్నాను. ఏళుమలైని తీసుకుని లోపలికి పోయాను. దాచుకున్న నకలు చెప్పిన వారం ఇంకా దాటలేదు, కత్తి ఆ పూటే పెట్టించాం.

ఇప్పుడు పాలీహౌసులో నా మాటే చెల్లుతుంది. తిలక్ గోడౌను ఊసెత్తడం మానేశాడు. ల్యాప్‌టాపు పూజగదిలో ఇంకా మంచిరోజు వెతుకుతోంది. మామ రోజూ దానికి ఒక పువ్వు పెడతాడు. నేను ప్రతి శుక్రవారం దేవుడి పటాలతో పాటు దాని ఫ్యానుకు పట్టిన దుమ్ము కూడా తుడిచి, యూపీఎస్ బ్యాటరీ చూసి వస్తాను. అది ఆగిపోతే నా పాలీహౌసు పోతుంది.